క్రేన్ అన్నకు మూడు ఆటలు

కత్తులూ మంత్రాలూ రాక్షసులూ ఉండే పాత కంప్యూటర్ ఆటల్లో కొత్తవాళ్లు ముందు ఏది ఆడితే మంచిదని నన్ను అడిగేవాళ్లు కూడా ఉన్నారంటే నాకే నవ్వొస్తుంది. నేను ఉద్యోగమంతా చేసిన పని చేతులూపడం. జహీరాబాద్ దగ్గర ఓ ఫ్యాక్టరీలో, ప్రెస్ షాపులో, క్రేన్ కింద నిలబడి పైన క్యాబిన్‌లో కూర్చున్న ఆపరేటర్‌కు సైగలు చేసేవాణ్ని. ఎత్తు, దించు, కుడికి, ఎడమకు, ఆపు. పెళ్లిచూపుల్లో పిల్లవాడు ఏం చేస్తాడని అడిగితే చెప్పడానికి మావాళ్లు నానా తంటాలు పడ్డారు.

అయినా ఈ ఆటల విషయంలో నా మాటకు కాస్త విలువ ఉందనే అనుకుంటాను. రిటైరవడానికి కొన్నేళ్ల ముందు మేం ఈ ఆటలతో ఒక కాలును కాపాడుకున్నాం. మీరు ఆటల గురించి అడిగారు కాబట్టి ఆ కాలు సంగతి చెప్పక తప్పదు.

ఆ కాలు మా క్రేన్ ఆపరేటర్‌ది. ఝరాసంగం మనిషి. నాకన్నా పెద్దవాడు, అందుకని అన్నా అనేవాణ్ని. ఏళ్ల తరబడి కలిసి పనిచేశాం గానీ మేం మాట్లాడుకున్నది చాలా తక్కువ. ప్రెస్సుల చప్పుడులో నోరు పనికిరాదు. నా చేతులు చెప్పేవి, ఆయన హుక్కు వినేది. చివరికి క్యాంటీన్‌లో ఇంకో కప్పు చాయ్ కావాలన్నా ఆయన చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పేవాడు. మా పనిలో అది 'పైకెత్తు' అనే సైగ. సర్వర్‌కు అర్థం కాక తెల్లమొహం వేస్తే నేనే వెళ్లి తెచ్చిచ్చేవాణ్ని.

క్రేన్ పనిలో ఒక నియమం ఉంది. సైగలు ఒక్కడే ఇవ్వాలి, ఆపరేటర్ ఆ ఒక్కడి మాటే వినాలి. 'ఆపు' మాత్రం ఎవరు చెప్పినా ఆపాల్సిందే, షాపు ఊడ్చే మనిషి చెప్పినా సరే. రెండు చేతులూ బార్లా చాపి, అరచేతులు నేలవైపు పెట్టి అడ్డంగా ఊపితే అది ఉన్నపళంగా ఆపమని. మా అన్న దీనికి సొంతంగా ఇంకో నియమం తగిలించాడు. ఆపినవాడే మళ్లీ కదలమనాలి. ఒకసారి క్యాంటీన్ వంటమనిషి మా షాపు గుండా పోతూ ఈగలు తోలుకుంటూ రెండు చేతులూ ఊపాడు. పైనుంచి చూసిన అన్న, రేకుకు అచ్చు వేసే ఏనుగంత ఇనుప డైని గాల్లోనే నిలిపేశాడు. నేను కదలమని ఎన్ని సైగలు చేసినా వినడు. వంకాయలు తరుగుతున్న ఆ వంటమనిషిని మళ్లీ లాక్కొచ్చి, క్రేన్ కింద నిలబెట్టి, వేలు పట్టుకుని తిప్పించాల్సి వచ్చింది. షాపంతా పడీపడీ నవ్వింది గానీ అన్న ముఖంలో నవ్వన్నదే లేదు.

కాలు విరిగింది కూడా ఈ సైగల అలవాటు వల్లే. స్కూటర్ మీద ఊరికి పోతుంటే రోడ్డుకు అడ్డంగా ఒక బర్రె నిలబడింది. ఈయన హారన్ కొట్టలేదు, బ్రేకూ వేయలేదు. ఎడమకు జరగమని దానికి చెయ్యి చాపి సైగ చేశాడు. హ్యాండిల్ వదిలేసి, రెండు చేతులతో.

కాల్లో రాడ్ వేశారు. నేను చెప్పేదాకా ఆ పాదం నేల మీద పెట్టావంటే రాడ్ జరుగుతుంది, జరిగితే ఇక నిచ్చెన ఎక్కడం మర్చిపో అని డాక్టర్ గట్టిగా చెప్పాడు. క్యాబిన్‌కు దారి నిచ్చెన ఒక్కటే. నిచ్చెన ఎక్కలేని ఆపరేటర్‌ను గేటు దగ్గరో స్టోర్ దగ్గరో కుర్చీ వేసి కూర్చోబెడతారు. వయసంతా షాపు నెత్తిన కూర్చున్న మనిషి కింద కూర్చుని వచ్చేపోయేవాళ్ల బ్యాగులు తెరిచి చూస్తూ ఉండటం నేను ఊహించుకోలేకపోయాను. ఆయన ఊహించుకునేవాడేమో గానీ మంచం మీద మాత్రం ఉండేవాడు కాదు. ఓ రోజు వాకిట్లో మేకను చూస్తానని దిగబోయాడు. ఇంకో రోజు కంది చేను చూసొస్తానని ఆటో స్టాండ్ దాకా కుంటుకుంటూ పోయాడు.

ఆయన భార్య, మా వదిన, న్యాల్‌కల్ వైపు ఆడపడుచు. ఫ్యాక్టరీ గేటు దగ్గరికే వచ్చి నన్ను పట్టుకుంది.

"మర్దీ, గీ మనిషిని మీరన్న కట్టెయ్యిన్రి, లేకుంటే నన్నన్న కట్టెయ్యిన్రి. చెప్పులు దాచిపెడితె ఒంటి కాలుతోని ఎగురుకుంట పోతుండు. నేనేం జేతునయ్యా?"

ఆమె కళ్లనిండా నీళ్లున్నాయి.

పక్కనే ప్లానింగ్ విభాగంలో కొత్తగా చేరిన ఇంజనీరు అమ్మాయి టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడి అంతా విన్నది. కోస్తా పిల్ల. "మనిషిని మంచం దిగనివ్వని మందు నా దగ్గరుంది బాబాయ్ గారూ," అంది. "మా హాస్టల్లో సగం మందిని పరీక్షలకు కూడా లేవనివ్వలేదది."

ఆదివారం ఆ అమ్మాయి పాత ల్యాప్‌టాప్ ఒకటి పట్టుకుని అన్న ఇంటికి వచ్చింది. అందులో మూడు ఆటలు ఎక్కించింది. మూడూ పాతవే, ఆడేవాళ్లు ఇప్పటికీ నెత్తిన పెట్టుకునేవే. వాటి పేర్లు పలకడానికి నాకు నోరు తిరగదు. మేం పెట్టుకున్న పేర్లతోనే చెబుతాను: ఖాళీ దేశం, సొరంగం, ఆరుగురి ఆట.

మొదట ఖాళీ దేశం పెట్టింది. అది ఆమెకు ప్రాణం. ఒక మనిషిని ఒక ఊరి గేటు దగ్గర దింపి వదిలేస్తారు. కొండలూ అడవులూ ఊళ్లూ అన్నీ మన ముందే ఉంటాయి.

"ఎటు పోవాలె?" అన్నాడు అన్న.

"ఎటైనా వెళ్లొచ్చు బాబాయ్ గారూ. అదే దీని గొప్ప."

"ఎటన్న అంటె ఎటు?"

"మీ ఇష్టమండీ."

"నా ఇష్టమైతె లోడు కదుల్తదా బిడ్డా? సిగ్నల్ ఎవలిస్తరు?"

సిగ్నల్ ఎవరూ ఇవ్వలేదు కాబట్టి అన్న కదల్లేదు. ఆ మనిషి గేటు దగ్గరే నిలబడ్డాడు. ఆటలో వాన వచ్చి వెలిసింది. పొద్దు గుంకింది, మళ్లీ పొడిచింది. వదిన అటుగా వచ్చి తెర వైపు చూసి, "గా పిలగాడు ఎప్పటిసంది గాన్నే నిలబడ్డడు? గింత చాయన్న పోయున్రి పాపం," అని పోయింది. చివరికి నాకే విసుగొచ్చి కుడికి పొమ్మని చెయ్యి చాపాను. నాలుగడుగులు వేశాడో లేదో, కుక్కంత పురుగొకటి వచ్చి మీద పడింది. కొట్టమని నేను సైగ చేయలేదు కాబట్టి అన్న కొట్టలేదు. మనిషి చచ్చాడు.

"ఈడ దవాఖాన ఏడుంది?"

"దవాఖానా ఏమీ ఉండదండీ. మళ్లీ మొదటి నుంచి బతికొస్తాడు."

"సచ్చినోడు మల్ల లేస్తె ఇగ సేఫ్టీ ఎవనికి గావాలె?" అని ల్యాప్‌టాప్ మూసేశాడు. మర్నాడు మళ్లీ పారిపోయాడు. ఝరాసంగం పోయే ఆటోలో అప్పటికే ఎక్కి కూర్చున్నాడట. డ్రైవర్ గుర్తుపట్టి, మిగతా ప్యాసింజర్లతో సహా ఆటోను వెనక్కి తిప్పి ఇంటి ముందు దింపి పోయాడు.

తరువాత సొరంగం. ఇది నాకు నచ్చింది. నేల గడులు గడులుగా ఉంటుంది. ఒక అడుగు ముందుకు, ఒక మలుపు, మళ్లీ ఒక అడుగు. క్రేన్‌ను అంగుళం అంగుళం జరిపినట్టే ఉంది, అన్నకు సరిగ్గా సరిపోతుందనుకున్నాను. మొదట్లో బాగానే ఆడాడు. తరువాత చెమటలు పట్టాయి. కిటికీ తెరవమన్నాడు, ఫ్యాన్ పెంచమన్నాడు, తలుపు తీయమన్నాడు.

"ఏమైందన్నా?"

"తమ్మీ, నేను పైన కూసునేటోన్ని. నన్ను తీస్కపోయి మురికినీళ్ల మోరీల ఏసిన్రు. జర బయటికి పోయి గాలి పీల్చుకొస్త." అంటూనే కాలు మంచం అంచుదాకా తెచ్చాడు. నేనూ ఆ అమ్మాయీ ఆ కాలును చెరోపక్క పట్టుకుని ఆపాం. మంచం దిగకుండా చేసే మందు మంచం దించే మందయిందని ఆ అమ్మాయి ముఖం వాడిపోయింది.

చివరి ఆట పెట్టడానికి ఆమెకు మనసు రాలేదు. అందులో చదవాల్సింది మరీ ఎక్కువ, కొత్తవాళ్లు విసుగుపడతారంది. ఎట్లాగూ తెచ్చావు కదమ్మా అని నేనే పెట్టించాను.

తెర వెలిగింది. ఒక ఊరు. ఆకాశంలోంచి చూస్తున్నట్టుగా ఇళ్ల కప్పులూ, వీధులూ, ఆ వీధుల్లో నడుస్తున్న ఆరుగురు చిన్నచిన్న మనుషుల తలకాయలూ కనిపించాయి. అన్న తెరను దగ్గరికి లాక్కుని వంగి చాలాసేపు చూశాడు.

"తమ్మీ, గిది నా క్యాబినే గద," అన్నాడు.

కాలు విరిగినప్పటి నుంచి ఆయన గొంతులో అంత నెమ్మది నేను వినలేదు.

ఆ తరువాత మా ఇబ్బందులు వేరేరకం. ఆ ఆరుగురిలో ఒక కత్తివీరుడు, విల్లు పట్టిన ఒక ఆడమనిషి, ఒక పూజారి, ఒక పొట్టివాడు, ఒక దొంగ పిల్ల, ఒక ముసలి మంత్రగాడు ఉన్నారు. అన్న చేసిన మొదటి పని అందరికీ ఇనుప టోపీలు కొనడం. మంత్రగాడు పెట్టుకోలేదు. మంత్రగాళ్లు ఇనుప టోపీ పెట్టకూడదని ఆ ఆటలో నియమమట. "టోపీ లేనిది లోపటికి రానియ్య," అని ముసలాయనను సత్రంలోనే వదిలేశాడు. మరుసటి ఆదివారం ఆ అమ్మాయి వచ్చి చూసి గుండెలు బాదుకుంది.

"మంత్రగాడు లేకుండా ఇంతదూరం ఎలా వచ్చారండీ?"

"మెల్లగొచ్చినం బిడ్డా."

ముసలాయన నెత్తిన ఉన్న కుచ్చు టోపీ పనికొస్తుందని నేను హామీ ఇచ్చాకే ఆయనను సత్రం నుంచి విడిపించాడు. ఇక కత్తివీరుడి మూటలో ఓ ఇనుప డాలు ఎక్కువై, ఇంతకన్నా మోయలేడని తెర మీద పడ్డ రోజున అన్న సంబరం చూడాలి. "చూడు తమ్మీ, ఎవలెంత మోస్తరో లోడ్ రాసిపెట్టిన్రు! గీ ఆట జేసినోడు పని తెల్సినోడు!" అని వదినను వంటింట్లోంచి పిలిచి మరీ చూపించాడు. ఆమె తెరను చూసి, ఆయనను చూసి, మళ్లీ రొట్టెలు తట్టుకోవడానికి పోయింది.

సిగ్నల్ సమస్య నా మెడకే చుట్టుకుంది. షిఫ్టు దిగగానే వాళ్లింటికి పోయేవాణ్ని. పక్కన కూర్చుని చెబుతానంటే అన్న ఒప్పుకోలేదు. సిగ్నల్ ఇచ్చే మనిషి ఎదురుగానే నిలబడాలి. ఎదురుగా నిలబడితే నాకు తెర కనపడదు. అందుకని మంచం తల దగ్గర అల్మారా జరిపించి, దాని అద్దంలో తెరను చూస్తూ మంచం కాళ్ల దగ్గర నిలబడి చేతులూపేవాణ్ని. బొమ్మలు బాగానే కనపడేవి. అక్షరాలు మాత్రం అద్దంలో అటుదిటు అయిపోయి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆటలో ఎవరైనా మాట్లాడిస్తే, అంత ఇంగ్లీషు చదవలేని అన్న అన్నిటికన్నా పైనున్న జవాబు నొక్కేవాడు. అట్లా ఒక ఊళ్లో ఒక పెద్దావిడకు ఏదో జవాబిస్తే ఊరి కాపలావాళ్లంతా కత్తులు దూసి మా వెంటపడ్డారు. మేం ఆమె ఆవును మాకిచ్చెయ్యమని బెదిరించామట. ఆ సంగతి ఆదివారం అమ్మాయి వచ్చి చదివి చెబితే గానీ తెలియలేదు. అన్న చాలా నొచ్చుకుని ఆమె ఇంటికి తిరిగిపోయాడు, కానీ ఆట ఆమెకు క్షమాపణ చెప్పనివ్వలేదు.

దొంగ పిల్ల ఉచ్చుల పక్కనుంచి పోయేటప్పుడు మాత్రం ముగ్గురం ఊపిరి బిగబట్టేవాళ్లం. ముగ్గురం అంటే వదిన కూడా. చేటలో బియ్యం పట్టుకుని గుమ్మంలో నిలబడేది. అప్పుడు నేను సైగ చేసే చేతి మీద రెండో అరచేతిని కదలకుండా పట్టేవాణ్ని. అంటే ఆ పనే చెయ్యి, కానీ మెల్లగా అని. "ముసలితనానికి ఇద్దరికి పిచ్చి లేసింది," అని వదిన గొణిగేది. గొణుగుతూ అక్కడే నిలబడేది. అన్న మంచం దిగడం మాత్రం మానేశాడు.

ఇట్లా రోజులు బాగా గడుస్తుండగా ఒక మధ్యాహ్నం ఇంటి ముందు జీపు ఆగింది. ఆ రోజు నాకు వారపు సెలవు. మా ఆరుగురూ పాత వంతెన మీద ఉన్నారు, అవతలి ఒడ్డున కొండచిలువలాంటి పాము నోరు తెరుచుకుని ఉంది. అన్న ఆట నిలిపాడు. లోపలికి వచ్చినవాడు మా ప్రొడక్షన్ మేనేజర్. వెనకే నలుగురు మనుషులు, ఒక కుర్చీ.

"పెద్దాయనా, ఇజ్జత్ కా సవాల్, ఫ్యాక్టరీ పరువు నీ చేతిల ఉన్నది," అన్నాడు. "పెద్ద డై ఈ రోజే మార్చాలె. నీ బదులు వచ్చెటోనికి కండ్ల కలక వచ్చింది. రెండు కండ్లు తెరుస్త లేడు. ఒక్క గంట వచ్చి పోరాదు?"

"నిచ్చెన, సార్," అన్నాను నేను.

"నిచ్చెన అక్కెర్లేదు. కుర్చీల కూసోబెట్టి ఫోర్క్‌లిఫ్ట్ మీద క్యాబిన్ దాకా లేపుతం. ఆడ ఒక్కటే అడుగు, లోపట పెడితె చాలు. నీ అసొంటి చెయ్యి ఈ చుట్టుపక్కల ఎవనికున్నది?"

చెడ్డవాడు కాదు మేనేజరు. పైవాళ్లు ఆయన మెడ మీద కూర్చుని ఉంటారు. కానీ ఆ చివరి మాట వినగానే అన్న ముఖం పెట్రోమాక్స్ లైటులా వెలిగింది. ఇన్నాళ్లుగా ఆయనతో ఆ మాట అన్నవాడు లేడు. ఒక్క అడుగులో రాడ్ జరుగుతుందని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. "వద్దన్నా, డాక్టర్ ఏం చెప్పిండు?" అన్నాను. గట్టిగానే అన్నాను. కానీ మా ఇద్దరి మధ్య నోటిమాట ఎన్నడు చెల్లింది? చేతులతో చెబుదామంటే, వదిన అప్పుడే వచ్చినవాళ్లకు ఇమ్మని పొగలు కక్కే చాయ్ కప్పుల పళ్లెం నా రెండు చేతుల్లో పెట్టింది.

"ఒక్క అడుగే గద," అన్నాడు అన్న. ల్యాప్‌టాప్ పక్కన పెట్టాడు. దుప్పటి తీశాడు. విరిగిన కాలు మంచం మీదనుంచి కిందికి దించాడు. పాదం నేలకు జానెడు దూరంలో ఉంది. నేను పళ్లెం ఎక్కడ పెట్టాలా అని చుట్టూ చూస్తున్నాను.

అప్పుడు వదిన నా వెనకనుంచి పోయి మంచానికి ఎదురుగా గుమ్మంలో నిలబడింది. పళ్లెం నాకిచ్చేసి ఖాళీ అయిన ఆ రెండు చేతులూ బార్లా చాపింది. అరచేతులు నేలవైపు పెట్టి అడ్డంగా ఊపింది.

అన్న ఆగిపోయాడు. పాదం గాల్లోనే ఆగింది. ఆయన ముఖం చూస్తే, క్యాబిన్‌లోంచి కిందికి చూస్తున్నవాడిలాగే ఉంది. కాసేపటికి పాదం మెల్లగా పైకి లేచి మంచం మీదికి పోయింది.

"స్టాప్ వచ్చింది సార్," అన్నాడు. "ఇగ కదలొద్దు."

"అరె, గామె ఇంట్ల మనిషి. గామె స్టాపేంది?"

"స్టాప్ ఎవలిచ్చినా స్టాపే. ఇచ్చినోల్లే మల్ల తియ్యాలె. ఆమెనడుగున్రి."

మేనేజరు వదిన వైపు తిరిగాడు. "అమ్మా, జర చెయ్యి దించమ్మా." ఆమె దించలేదు. గుమ్మం నిండా చేతులు చాపి అట్లాగే నిలబడింది. ఆయన కాసేపు బతిమాలాడు, చివరికి తెచ్చిన కుర్చీలో తనే కూలబడి నా పళ్లెంలోంచి చాయ్ తీసుకున్నాడు. తెర మీది పామును చూసి, "మంత్రగాన్ని ఎన్కకు జరుపున్రి, గాడు ముందుంటె సస్తడు," అన్నాడు. సిగ్నల్ ఒక్కడే ఇవ్వాలని అన్న మర్యాదగా గుర్తుచేశాడు. పోయేటప్పుడు మేనేజరూ, నలుగురు మనుషులూ, కుర్చీ, అందరూ వదిన చెయ్యి కిందుగా తల వంచుకుని బయటికి పోవాల్సి వచ్చింది. జీపు చప్పుడు దూరమయ్యాకే ఆమె చేతులు దించి, గోడకు ఆనుకుని కూర్చుని ఏడ్చింది. డైని మర్నాడు బయటినుంచి పిలిపించిన ఆపరేటర్ ఎత్తాడు. ఫ్యాక్టరీ ఎక్కడికీ పోలేదు.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు ఇదీ. కొత్తగా ఆడేవాళ్లు గొప్ప ఆట ఏదని వెతకొద్దు. మీరు బతుకులో ఎక్కడ కూర్చుని లోకాన్ని చూడటానికి అలవాటుపడ్డారో చూసుకోండి. ఎవరూ ఏమీ చెప్పకపోతే హాయిగా ఉండేవాళ్లయితే ఖాళీ దేశం ఆడండి. ఇరుకులో కూడా నిదానంగా అడుగు వేయగలిగేవాళ్లకు సొరంగం. నలుగురి భారం మీద వేసుకుంటే గానీ తోచనివాళ్లకు ఆరుగురి ఆట. మంత్రగాడి టోపీ విషయంలో మాత్రం పట్టుదలకు పోకండి.

డాక్టర్ ఫోటో తీయించి చూసి, ఎముక అతికిందన్న రోజున నేనూ దవాఖానకు పోయాను. "ఇంక కాలు కింద పెట్టొచ్చు, లే," అన్నాడు డాక్టర్. అన్న లేవలేదు. భయమా అని డాక్టర్ అడిగాడు. భయం కాదన్నాడు. నర్సు చెయ్యి పట్టుకుని లేపబోతే వద్దన్నాడు. డాక్టర్‌కు చిరాకొచ్చింది. అన్న చూపు తలుపు దగ్గర మందుల సంచీ సర్దుకుంటున్న వదిన మీద ఉంది.

ఆ రోజు ఆపింది మీరే కదా అని నేను పోయి ఆమె చెవిలో చెప్పాను. ఆమెకు ముందు అర్థం కాలేదు, తరువాత అయింది. సంచీ కింద పెట్టింది. కొంగు సర్దుకుని, మంచానికి ఎదురుగా, నేను నిలబడేంత దూరంలో వచ్చి నిలబడింది. సైగ వెంటనే ఇవ్వలేదు. ఇన్నేళ్ల కాపురంలో ఆ మనిషి తన చేతి కోసం ఆగడం ఆమె అంతకుముందు చూసి ఉండదు, కాసేపు చూసుకుంది. అప్పుడు చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పింది. ఆపైన, ఎవరూ చెప్పకుండానే, రెండో అరచేతిని ఆ వేలి మీద కదలకుండా పట్టింది.

అన్న తల ఊపి, పాదం నేల మీద పెట్టి, మెల్లగా లేచాడు.